ఉక్రెయిన్ చర్చి చట్టం, వాటికన్ తటస్థత: సందేహం తీర్చగలరా?

మాస్కో చర్చితో, అంటే రష్యన్ ఆర్థడాక్స్ చర్చితో, సంబంధమున్న మత సంస్థలను కోర్టు ద్వారా నిషేధించే వీలు కల్పిస్తూ ఉక్రెయిన్ పార్లమెంటు 2024 ఆగస్టు 20న చట్టం చేసింది. ఆ చర్చి అధిపతి పాత్రియార్క్ కిరిల్ ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధాన్ని బాహాటంగా సమర్థించారు కనుక ప్రభుత్వ అనుమానం నాకు అకారణమనిపించదు. అయితే పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక మత స్వేచ్ఛను అత్యవసర పరిస్థితిలోనూ నిలిపివేయరాదంటుంది. పైగా మత స్వేచ్ఛకు సంబంధించిన దాని 18వ అధికరణం అనుమతించే పరిమితుల్లో ప్రజా భద్రత ఉందే గాని, జాతీయ భద్రత అన్న మాట లేదు. అలాంటప్పుడు ఈ నిషేధానికి ఆధారమేమిటి?

మరొక సందేహం. 2023లో కార్డినల్ జుప్పీని శాంతి దూతగా కీవ్‌కూ, మాస్కోకూ పంపిన పోప్ ఫ్రాన్సిస్, చట్టం వచ్చిన కొద్ది రోజులకే ఏ క్రైస్తవ చర్చినీ రద్దు చేయవద్దని కోరారు. దీనిని మత స్వేచ్ఛ కోసం పలికిన మాటగా చూడాలా, మధ్యవర్తి జాగ్రత్తగా చూడాలా? అంతర్జాతీయ న్యాయం చదివినవారు దయచేసి వివరించగలరు.