హెచ్‌పీ జెడ్820లో పాత జియాన్లు తీసి 12 కోర్లవి వెయ్యాలి: ముందుగా ఏమేం చూసుకోవాలి?

గోదారిగట్టు

మెషీన్ హెచ్‌పీ జెడ్820. ఇప్పుడు లోపల ఉన్నవి రెండు జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్) ఈ5-2620 చిప్‌లు. మొదటి తరం, ఒక్కోటి 6 కోర్లు, 2.0 గిగాహెర్ట్జ్. ర్యామ్ 4 జీబీ స్టిక్‌లు ఎనిమిది, అన్నీ డీడీఆర్3-1333 రిజిస్టర్డ్ ఈసీసీ (తప్పులు తనే సరిదిద్దుకునే సర్వర్ ర్యామ్). పవర్ సప్లై లేబుల్ మీద 850 వాట్లని ఉంది. ఉబుంటు నడుస్తోంది. ముఖ్యమైన పని త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో సైకిల్స్ అనే ఇంజిన్‌తో రెండరింగ్, అది కూడా సీపీయూ మీదే. అప్పుడప్పుడు పెద్ద సీ++ ప్రాజెక్టుల కంపైలింగ్ ఉంటుంది.

సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామాన్ల బజారు) సర్వర్ల నుంచి తీసిన ఈ5-2697 వీ2 (వీ2 అంటే రెండో తరం) జత ఒకటి, ఈ5-2667 వీ2 జత ఒకటి చూశాను. సాకెట్ రెండు తరాలకూ ఎల్‌జీఏ 2011 కాబట్టి నేరుగా పడతాయని షాపులో అంటున్నారు. అది నిజమేనా? నిజమైతే రెండిట్లో ఏది మేలు? బోర్డు పాడవకుండా మార్చే పద్ధతి కూడా వివరంగా చెప్పగలరు.

పాతబోర్డు

డబ్బు కట్టే ముందు ఒక్కటి చూడండి, మిగతావన్నీ దాని తర్వాతే. మెషీన్ ఆన్ చేసి ఎఫ్10 నొక్కి సెటప్‌లోకి వెళ్లండి. ఫైల్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బూట్ బ్లాక్ డేట్ అనే వరుస ఉంటుంది. అక్కడ 2013 ఉంటే వీ2 చిప్‌లు పనిచేస్తాయి. 2011 ఉంటే పనిచెయ్యవు. సాకెట్‌లో చక్కగా కూర్చుంటాయి గానీ స్క్రీన్ మీద బొమ్మ రాదు.

బయోస్ (మెషీన్‌ని లేపే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది పొరబడేది ఇక్కడే. బూట్ బ్లాక్ అనేది మెషీన్ లేవగానే అన్నిటికంటే ముందు నడిచే చిన్న కోడ్. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా కోలుకునేలా దాన్ని విడిగా, రాయడానికి వీల్లేకుండా ఉంచారు. మామూలు అప్‌డేట్ దాని జోలికి వెళ్లదు. అందుకే బయోస్ వెర్షన్ ఎంత కొత్తదైనా 2011 బూట్ బ్లాక్ 2011 లాగే ఉండిపోతుంది. బయటి ప్రోగ్రామర్ క్లిప్ పెట్టి బయోస్ చిప్‌లో కొత్త బూట్ బ్లాక్ రాసేవాళ్లు ఉన్నారు. అందులో తేడా వస్తే బోర్డు సీరియల్ నంబరు, నెట్‌వర్క్ మ్యాక్ అడ్రస్ కూడా పోవచ్చు. రోజూ పనిచేసే మెషీన్ మీద నేనైతే వద్దంటాను. 2011 బోర్డయితే మొదటి తరంలోనే ఈ5-2670 (8 కోర్లు, 2.6, 115 వాట్లు) జత వేసుకోండి, మీ 2620ల మీద అదీ మంచి మెట్టే. కొనేటప్పుడు సీ2 స్టెప్పింగ్ (అదే చిప్‌కి సవరించిన కూర్పు) అడగండి, చిప్ మీద ఎస్ఆర్0కేఎక్స్ అని ఉంటుంది. ఎస్ఆర్0హెచ్8 అంటే పాత సీ1. అందులో వీటీ-డీ లోపం ఉంది, వర్చువల్ మెషీన్‌కి కార్డు అప్పగించాలంటే ఇబ్బంది పడతారు.

2013 బోర్డయితే ఇక ఎంపిక సంగతి. అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు నిలిచే టర్బో వేగం (చిప్ తనంతట తాను పెంచుకునే వేగం) లెక్కలోకి తీసుకోవాలి, డబ్బా మీది పెద్ద అంకె కాదు. 2697 వీ2కి అది 3.0 గిగాహెర్ట్జ్, కోర్లు రెండు చిప్‌లకీ కలిపి 24, గుణిస్తే 72. 2667 వీ2కి 3.6, కోర్లు 16, గుణిస్తే 57.6. మీ 2620లకి 2.3, కోర్లు 12, అంటే 27.6. రెండరింగ్‌కి నిస్సందేహంగా 2697. ఒకటి రెండు థ్రెడ్లతో నడిచే మోడలింగ్, సిమ్యులేషన్ ఎక్కువైతే 4.0 వరకూ వెళ్లే 2667 హాయిగా ఉంటుంది. రెండూ 130 వాట్లవే.

150 వాట్ల 2687డబ్ల్యూ జోలికి మాత్రం 850 వాట్ల సప్లైతో వెళ్లకండి. జెడ్820కి 1125 వాట్ల సప్లై కూడా ఉంది, ఆ చిప్‌లకి అదే సరైన జోడీ.

చిప్ చేతిలోకి తీసుకున్నాక పైనున్న అక్షరాలు చదవండి. 2697 వీ2కి ఎస్ఆర్19హెచ్, 2667 వీ2కి ఎస్ఆర్19డబ్ల్యూ ఉండాలి, రెండు చిప్‌ల మీదా ఒకటే ఉండాలి. ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అనీ క్యూతో మొదలయ్యే కోడ్ అనీ కనిపిస్తే అది ఇంజినీరింగ్ శాంపిల్, ధర ఎంత తక్కువైనా తీసుకోకండి. తిరగేసి బంగారు చుక్కల మధ్యనున్న బుల్లి కెపాసిటర్లలో ఏదైనా ఊడిందేమో చూడండి. ఈ5-16 వరుస చిప్‌లు ఒంటి సాకెట్‌వి, జతగా పనిచెయ్యవు. వీ3, వీ4లది సాకెట్ పేరు దగ్గరగా ఉన్నా 2011-3. అవి డీడీఆర్4 అడుగుతాయి, అసలు పట్టవు.

కొలిమి

పాతబోర్డు గారి లెక్కతో ఏకీభవిస్తూనే ఒక మాట. మీది వేసవిలో ఏసీ లేని గది అయితే 2695 వీ2 కూడా చూడండి. అదీ 12 కోర్లే, అన్ని కోర్ల మీదా 2.8, కానీ 115 వాట్లు. వేగంలో 7 శాతం దాకా తగ్గుతుంది, రెండు చిప్‌ల మీద 30 వాట్ల వేడి తగ్గుతుంది.

ఇక మార్చే పద్ధతి. బయోస్‌ని పాత చిప్‌లు ఉండగానే తాజా వెర్షన్‌కి తీసుకెళ్లండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఫైలు పెట్టి ఎఫ్10 సెటప్ నుంచే ఫ్లాష్ చెయ్యొచ్చు. అది జరుగుతున్నంతసేపూ యూపీఎస్ మీద ఉంచండి. తర్వాత ఏదైనా భారమైన పని పది నిమిషాలు నడిపి అప్పుడు ఆపండి. పదేళ్లు దాటిన పేస్ట్ గట్టిపడి ఉంటుంది, వేడి మీద మెత్తబడితే హీట్‌సింక్ సులువుగా వస్తుంది.

పవర్ కేబుల్ గోడ నుంచి పూర్తిగా పీకండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్‌లో ఉన్నంతసేపూ స్టాండ్‌బై 5 వోల్టులు బోర్డులో ఉంటాయి. పీకాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి. యాంటీ స్టాటిక్ పట్టీ మణికట్టుకి కట్టుకుని, రెండో కొసని రంగు లేని క్యాబినెట్ లోహానికి తగిలించండి. మెషీన్ ప్లగ్‌లో ఉన్నప్పుడు క్యాబినెట్ తాకితే చేతికి సన్నగా జుమ్మనిపిస్తుంటే మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదని అర్థం. అది ఎలక్ట్రీషియన్ చేత బాగుచేయించాకే కొత్త చిప్‌లు పెట్టండి.

గాలి మళ్లించే ప్లాస్టిక్ కవచం తీసి, హీట్‌సింక్ ఫ్యాన్ తీగలు విప్పి, నాలుగు స్క్రూలనీ ఐమూలగా, ఒక్కోటి రెండేసి చుట్ల చొప్పున వదులు చెయ్యండి. ఒకదాన్నే పూర్తిగా విప్పేస్తే ఆ మూల లేచి బరువంతా ఎదుటి మూల మీద పడుతుంది. హీట్‌సింక్ రాకపోతే పైకి లాగకండి, కుడికీ ఎడమకీ కొంచెం కొంచెం తిప్పండి, పట్టు వదులుతుంది. అది ఎన్ని వాట్లకి తగినదో అప్పుడే చూడండి. మీది 95 వాట్ల చిప్‌లతో వచ్చిన మెషీన్, కాబట్టి హీట్‌సింక్ లేబుల్ మీది పార్ట్ నంబరుని సర్వీస్ మాన్యువల్‌తో సరిపోల్చుకోండి.

సాకెట్‌కి లీవర్లు రెండు. ఏది ముందు తెరవాలో పక్కనే గుర్తులుంటాయి, మూసేటప్పుడు దానికి తలకిందుల క్రమం. పాత చిప్‌ని అంచులు పట్టుకుని నిలువుగా పైకి తియ్యండి. ఇక్కడ పిన్నులు చిప్‌కి ఉండవు, సాకెట్‌లో ఉంటాయి, 2011 పిన్నులు. వాటి మీద గుడ్డ వెయ్యకూడదు, వేలు తగలకూడదు, నోటితో ఊదకూడదు. ఫోన్ టార్చ్ వేసి పక్క కోణాల నుంచి ఫొటోలు తీసి పెద్దవి చేసి చూడండి. వరుసలన్నీ ఒకేలా మెరవాలి. ఒకచోట మెరుపు తేడాగా ఉంటే అక్కడ పిన్ను వంగి ఉంటుంది. ములుకు తీసేసిన 0.3 పెన్సిల్ మొనతో దాన్ని మెల్లగా నిలబెట్టొచ్చు, కానీ ఒక్కో పిన్నుకి ఒక్కసారే అనుకోండి. రెండోసారి వంచితే విరుగుతుంది.

కొత్త చిప్ మూలలోని బంగారు త్రికోణాన్ని సాకెట్ గుర్తుతో కలిపి, గంట్లు సరిచూసి, వేళ్లతో వదిలెయ్యండి. నొక్కాల్సిన పని లేదు. లీవర్లు మూస్తే కొంచెం గట్టిగానే బిగుస్తాయి, అది సహజం. పైభాగాన్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడవండి. చిప్ మూత పెద్దది కాబట్టి బఠాణీ గింజంత బొట్టు మధ్యలో పెడితే మూలలకి చేరదు, సన్నని ఇంటూ గుర్తు గీయండి. కరెంటు ప్రవహించని రకం పేస్టే వాడండి, లిక్విడ్ మెటల్ వద్దు. హీట్‌సింక్ నిలువుగా దించి, స్క్రూలు మళ్లీ ఐమూలగా రెండేసి చుట్లు, ఆగేదాకా.

రెండూ ఒకేసారి మార్చకండి. రెండో సాకెట్ ఖాళీగా ఉంచి, మొదటి సాకెట్‌లో ఒక కొత్త చిప్, దాని పక్కన ఒకే స్టిక్ పెట్టి లేపండి. లేచాక ఆపి, అదే సాకెట్‌లో రెండో చిప్‌ని పరీక్షించండి. రెండూ బాగున్నాయని తేలాకే జతగా వెయ్యండి. పెట్టె తెరిచారు కాబట్టి సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చెయ్యండి.

మెషీన్ లేవకపోతే ముందున్న ఎర్ర లైటు ఎన్నిసార్లు మిణుకుతోందో లెక్కపెట్టండి. 3 అయితే ప్రాసెసర్ కనబడట్లేదు, 4 అయితే పవర్, 5 అయితే మెమరీ, 6 అయితే గ్రాఫిక్స్ కార్డు. చిప్ మార్చాక ఎక్కువగా వచ్చేది 5. ర్యామ్ పాడయిందని కంగారు పడకండి. మెమరీ కంట్రోలర్ ఉండేది చిప్‌లోనే, కాబట్టి చిప్ సరిగా కూర్చోకపోయినా 5 సార్లే మిణుకుతుంది.

గోదారిగట్టు

బూట్ బ్లాక్ 2013 అని వచ్చింది, హీట్‌సింక్ నంబరు కూడా సరిపోయింది. కాబట్టి 2697 వీ2 జత తీసుకుని మీరు చెప్పిన క్రమంలోనే వేశాను, లేచింది. ప్రాసెసర్ వివరాలు చూపే ఎల్ఎస్‌సీపీయూ కమాండ్‌లో 48 థ్రెడ్లు, రెండు నూమా నోడ్లు (ఒక్కో చిప్, దాని మెమరీ కలిసి ఒక నోడ్) కనిపిస్తున్నాయి. కానీ మెమరీ 32 జీబీకి బదులు 28 చూపిస్తోంది. పోయినది రెండో సీపీయూ వైపు ఒక స్లాట్. స్టిక్ తీసి మళ్లీ పెట్టినా అంతే.

పాతబోర్డు

ఒక్కో చిప్‌కి నాలుగు మెమరీ చానెళ్లు, మీరు చానెల్‌కి ఒక స్టిక్ పెట్టారు. అంటే ఒక చానెల్ మొత్తం పలకడం లేదు. ఒక్కొక్కటే తేల్చుకుంటూ రండి.

ముందు ఆ స్టిక్‌ని పక్క స్లాట్‌లోని స్టిక్‌తో మార్చండి. లోపం స్టిక్‌తో పాటు కదిలితే స్టిక్‌దే తప్పు. అదే స్లాట్‌లో ఉండిపోతే రెండో హీట్‌సింక్ స్క్రూలు నాలుగూ వదులుచేసి సమానంగా మళ్లీ బిగించి చూడండి. ఒక మూల ఎక్కువ బిగిస్తే చిప్ ఒరిగి, ఎదుటి మూలలోని పిన్నుల మీద ఒత్తిడి తగ్గుతుంది. దీనితోనే చాలావరకు తీరుతుంది.

అప్పటికీ తీరకపోతే రెండు చిప్‌లనూ అటూ ఇటూ మార్చండి. లోపం మొదటి సీపీయూ వైపుకి వెళ్లిందంటే చిప్ అడుగున మచ్చ ఉంది. పాత పేస్ట్ జిడ్డు అంటుకున్నా ఇలాగే అవుతుంది, ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. లోపం రెండో సాకెట్‌లోనే ఉంటే మాత్రం పిన్నే. మళ్లీ ఫొటోలు తీసి వెతకాల్సిందే.

గోదారిగట్టు

స్క్రూలు వదులుచేసి మళ్లీ బిగిస్తే 32 వచ్చింది. ధన్యవాదాలండీ ఇద్దరికీ. ఇక రెండర్లు మొదలుపెట్టొచ్చా?

కొలిమి

ఇంకో రెండు పనులున్నాయి. ఒక రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ నడుస్తూ వదిలెయ్యండి. పొద్దున్న ఉబుంటులోకి వచ్చి చిప్ మీద నిండు భారం వేసే స్ట్రెస్-ఎన్‌జీని 48 థ్రెడ్ల మీద ఒక గంట నడపండి, పక్కనే సెన్సర్స్ కమాండ్‌తో వేడి చూస్తూ ఉండండి. 80 డిగ్రీల లోపు నిలిస్తే నిశ్చింత. 90 దాటితే, లేదా రెండు చిప్‌ల మధ్య 10 డిగ్రీలకి మించి తేడా ఉంటే, ఎక్కువున్న వైపు పేస్ట్ మళ్లీ వెయ్యండి. గాలి దారిలో వెనకనున్న చిప్ కొంచెం వేడిగా ఉండటం మామూలే. ప్లాస్టిక్ కవచం పెట్టకుండా పరీక్షించకండి, గాలి అసలు హీట్‌సింక్‌ల మీదుగా పోదు. ఇది ఏ కాలంలో చేస్తున్నారో కూడా గుర్తుంచుకోండి. డిసెంబరులో 25 డిగ్రీల గదిలో 72 వచ్చిన చిప్ మేలో 40 డిగ్రీల గదిలో దగ్గర దగ్గర 87కి పోతుంది. ఎప్పటికప్పుడు హీట్‌సింక్ రెక్కల్లో దుమ్ము తీస్తూ ఉండండి.

పరీక్ష అయ్యాక కెర్నల్ లాగ్‌లో (డీమెసేజ్ కమాండ్‌తో కనిపిస్తుంది) ఈడాక్ (EDAC) పేరుతో వచ్చే వరుసలు చూడండి. ఈసీసీ దానంతట అదే సరిచేసిన తప్పులు స్క్రీన్ మీద ఎక్కడా కనబడవు, అక్కడే నమోదవుతాయి. ఒకే స్లాట్ పేరు పదేపదే వస్తుంటే ఆ చానెల్ ఇంకా పూర్తిగా కుదురుకోలేదు.

పాతబోర్డు

కంపైలింగ్ విషయంలో ఇంకొకటి. 48 జాబ్‌లు (ఒకేసారి కంపైల్ అయ్యే ఫైళ్లు) ఒకేసారి పెడితే 32 జీబీలో ఒక్కోదానికి 700 ఎంబీ కూడా రాదు. టెంప్లేట్లు దట్టంగా ఉన్న సీ++ ఫైలు ఒక్కటే జీబీ దాటి తింటుంది, ర్యామ్ చాలక స్వాప్‌లోకి (డిస్క్ మీది తాత్కాలిక మెమరీలోకి) వెళ్తే పాత చిప్‌ల కంటే నెమ్మదిస్తుంది. ర్యామ్ పెంచేదాకా 20 జాబ్‌లకి మించకండి. పెంచేటప్పుడు రిజిస్టర్డ్‌వే కొనండి, అన్‌బఫర్డ్ స్టిక్ ఒక్కటి కలిసినా మెషీన్ లేవదు. వీ2 చిప్‌లు 1866 దాకా తీసుకుంటాయి గానీ ఒక్క 1333 స్టిక్ ఉన్నా అన్నీ 1333కే దిగుతాయి. అందుకని పాతవాటికి కొత్తవి కలపకుండా, 8 జీబీ 1866 స్టిక్‌లు ఎనిమిదీ ఒకే సెట్‌గా తీసుకోండి.

యూపీఎస్ కూడా సరిచూసుకోండి. గ్రాఫిక్స్ కార్డు కాక రెండు చిప్‌లే నిండు పనిలో 260 వాట్లు తీసుకుంటాయి. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దగ్గరే, రెండర్ మధ్యలో కరెంటు పోతే అది ఓవర్‌లోడ్ అయి వెంటనే కోసేస్తుంది.