ఉచితంగా పాటలు డౌన్‌లోడ్ చేసుకోవడం: నష్టం కంపెనీకేనా, కళాకారుడికి కూడానా?

కృష్ణలంక శ్రోత:

అందరికీ నమస్కారం. నా దగ్గర దాదాపు 4,000 పాటలున్న హార్డ్ డిస్క్ ఒకటి ఉంది. 2004 నుంచి 2014 వరకు, మొదట నెట్ సెంటర్లో గంటల లెక్కన కూర్చొని, ఆ తరువాత ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకొని, ఉచితంగా ఎంపీ3లు ఇచ్చే వెబ్‌సైట్ల నుంచి కూడబెట్టినవే అవన్నీ. ఆ పదేళ్లలో నెట్ సెంటరు యజమానికి చెల్లించాను, టెలిఫోన్ బిల్లు కట్టాను, హార్డ్ డిస్క్ కొన్నాను. పాట రాసినవారికి, కట్టినవారికి, పాడినవారికి మాత్రం నా చేతి నుంచి ఒక్క రూపాయి కూడా వెళ్లలేదు.

ఇప్పుడు మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. ఆమె గురువుగారికి నెల ఫీజు రెండు రోజులు ఆలస్యమైతే ఆయన ముఖం చూడడానికి నాకు మొహమాటంగా ఉంటుంది. అదే వాద్యాన్ని డౌన్‌లోడ్ చేసుకున్న పాటలో వందల సార్లు విన్నప్పుడు ఆ మొహమాటం నాకెందుకు కలగలేదన్నది కొద్ది రోజులుగా నన్ను వదలని ప్రశ్న. నేను చేసింది తప్పేనా? తప్పైతే నేను ఎవరికి బాకీ పడ్డాను? ఇప్పుడు నెలనెలా ఒక యాప్‌కు చందా కడుతున్నాను కనుక ఆ బాకీ తీరుతున్నట్టేనా? పెద్దలు, సంగీతం తెలిసినవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

విశాఖ మిత్రుడు:

మీరు అనవసరంగా బాధపడుతున్నారండీ. దొంగతనమంటే ఒకరి వస్తువు వారికి లేకుండా చేయడం. పాటకు నకలు తీసుకుంటే అసలు పాట ఎక్కడికీ పోదు. పైగా మన సినిమా పాటల విషయంలో కళాకారులకు ముట్టవలసినది ముందే ముడుతుంది. హక్కులు నిర్మాత నుంచి ఆడియో కంపెనీకి వెళతాయి. డబ్బు తీసుకొని సినిమా కోసం పాట కట్టిన సంగీత దర్శకుడికి, వేరే ఒప్పందం లేకపోతే, దానిపై హక్కు ఉండదనీ, నిర్మాతే తొలి యజమాని అనీ 1977లో సుప్రీంకోర్టే చెప్పింది. అంటే నేను కొనకపోతే నష్టపోయేది కంపెనీ.

ఇక యాప్‌ల సంగతి. మీరు కట్టే చందా మీరు విన్నవారికి వెళుతుందని అనుకుంటున్నారేమో. పెద్ద యాప్‌లలో జరిగేది అది కాదు. వచ్చిన సొమ్మంతా ఒక కుప్పగా పోసి, మొత్తం మీద ఎవరి పాటలు ఎన్నిసార్లు మోగాయో చూసి, ఆ నిష్పత్తిలో పంచుతారు. మీరు నెలంతా ఒక హరికథా కళాకారుడినే విన్నా, మీ చందాలో ఎక్కువ భాగం మీరు వినని సినిమా పాటలకే చేరుతుంది. పైగా గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు 2024 నుంచి స్పాటిఫై రికార్డింగు రాయల్టీ లెక్కే కట్టడం లేదు. ఇలాంటి ఏర్పాటుకు డబ్బు కట్టి నేను ధర్మం చేశాననుకోవడం నా వల్ల కాదు. నేను కచేరీలకు వెళతాను, టికెట్టు కొంటాను, అక్కడ చెల్లిస్తాను.

తెనాలి పాతకాపు:

విశాఖ మిత్రుడు గారి మాటలు చదువుతుంటే ముప్పై ఏళ్ల కిందటి మా దుకాణం కళ్లముందు కదిలింది. కాస్త విపులంగా రాస్తున్నాను, ఓపికగా చదవగలరు.

1994లో నేను తెనాలిలో ఒక క్యాసెట్ రికార్డింగ్ దుకాణంలో పనిచేసేవాణ్ని. నోటు పుస్తకం నుంచి చించిన కాగితం మీద పాటల జాబితా రాసుకొని జనం వచ్చేవారు. రెండు డెక్కులు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో అసలు క్యాసెట్టు, రెండవదానిలో ఖాళీ క్యాసెట్టు వేసి, పాజ్ బటన్ వదలవలసిన క్షణం కోసం వేలు పెట్టుకొని కూర్చోవడం నా పని. పూట పూటకూ స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్ తుడిచేవాణ్ని. అట్ట మీద బాల్‌పెన్నుతో పాటల పేర్లు వరుసగా, అందంగా రాసేవాణ్ని. నా చేతిరాత కోసమే మా దుకాణానికి వచ్చేవారు కూడా ఉండేవారు. అది తప్పని నాకు గాని, మా యజమానికి గాని ఒక్క రోజు కూడా తోచలేదు. ఎవరైనా అడిగితే మేము చెప్పిన సమాధానం ఇదే: "నష్టం కంపెనీ వాళ్లకే కదా."

ఆ ఏడాది శ్రీరామనవమికి ముందు, ఒక మధ్యాహ్నం, దుకాణానికి ఒక బుర్రకథ కళాకారుడు వచ్చాడు. అరవై దాటిన మనిషి, భుజాన తువ్వాలు. అప్పుడు నా డెక్కులో తిరుగుతున్నది ఆయన చెప్పిన కథే. ఒక ఊరి పందిరి కమిటీ వాళ్లు రెండు నకళ్లు కావాలని చెప్పి వెళ్లారు. ఆయన గుమ్మంలోనే ఆగి, కొంచెంసేపు విని, "ఇది నా గొంతే బాబూ" అన్నాడు. నేను సంబరపడి స్టూలు వేశాను. ఆ కథ రికార్డు చేసినప్పుడు కంపెనీ తనకూ, వంతలిద్దరికీ కలిపి ఒకేసారి కొంత ఇచ్చి కాగితం మీద సంతకం పెట్టించుకుందనీ, తన దగ్గర మాత్రం ఒక్క క్యాసెట్టు కూడా లేదనీ, ఒకటి కావాలనీ చెప్పాడు. నకలు తీసి ఇచ్చాను. మా యజమాని ఆయన దగ్గర కూడా ఖాళీ క్యాసెట్టు ధర తీసుకున్నాడు.

వెళ్లబోతూ ఆ నకళ్లు ఏ ఊరి కమిటీ అడిగిందని ఆయన అడిగాడు. చెప్పాను. ఆయన తల ఊపి, "పోయిన ఏడు దాకా ఆ పందిట్లో నవమికి మా దళమే కథ చెప్పేది. ఈసారి కబురు రాలేదు" అని వెళ్లిపోయాడు.

విశాఖ మిత్రుడు గారూ, నకలు తీస్తే అసలు ఎక్కడికీ పోదన్నారు. ఆ రోజు నేను తీసిన నకలు వల్ల ఆయన గొంతుకేమీ కాలేదు, నిజమే. ఆ పందిట్లో ఆయన నిలబడే చోటు మాత్రం పోయింది. ముగ్గురు మనుషులకు రాను పోను ఖర్చులు, భోజనం, సంభావన ఇవ్వడం కంటే మైకు సెట్టుకు క్యాసెట్టు తగిలించడం కమిటీకి చవక. అసలు క్యాసెట్టు కొని వేసినా ఆయనకు పిలుపు వచ్చేది కాదని మీరు అనవచ్చు. ఆ మాటా నిజమే, దాన్ని నేను కాదనను. కానీ అలా కొన్న ప్రతిసారీ కొంత ఆయనకు చేరే ఒప్పందం ఉండి ఉంటే, పందిరి పోయినా పాట మిగిలేది. కంపెనీ ఆ ఒప్పందం చేసుకోలేదు. మేము కంపెనీకి కూడా ఇవ్వలేదు. ఇద్దరమూ కలిసే ఆయనను వట్టి చేతులతో పంపాము. కంపెనీ చేసిన అన్యాయాన్ని చూపించి నేను చేసినదాన్ని చిన్నది చేసుకోలేకపోతున్నాను.

శ్రోత గారూ, మీ బాకీ ఎవరికన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. మీ డిస్క్‌లోని 4,000 పాటలనూ ఒకే గాటన కట్టకండి. అందులో జానపద గాయకులవి, హరికథ, బుర్రకథ చెప్పేవారివి, పేరు లేని చిన్న ఆల్బములవి ఎన్ని ఉన్నాయో వేరు చేసి చూడండి. బాకీ బరువు అక్కడ ఎక్కువ.

పాత రికార్డుల ప్రేమికుడు:

తెనాలి వారు చెప్పినది కదిలించింది. అయితే ఈ చర్చలో ఒక కోణం తప్పిపోతోంది: డబ్బు ఇద్దామన్నా దొరకని సంగీతం సంగతి ఏమిటి? 78 ఆర్‌పీఎం లక్క రికార్డుల మీద వచ్చిన తెలుగు పద్యాలు, నాటకాల సెట్లు, ప్రైవేటు పాటలు ఎన్నో ఏ యాప్‌లోనూ లేవు. కంపెనీలు వాటిని మళ్లీ విడుదల చేయలేదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారి వంటివారు జీవితమంతా వెచ్చించి వేల రికార్డులు సేకరించబట్టి, మరికొందరు తమ దగ్గరున్నవాటిని కంప్యూటర్‌కు ఎక్కించి ఉచితంగా పంచబట్టి, మనం ఈ రోజు వాటిని వినగలుగుతున్నాము.

చట్టం కూడా ఇక్కడ కొంత తోడుగా ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుపై హక్కు అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లే ఉంటుంది. 1960లో విడుదలైన రికార్డుపై ఆ హక్కు 2020తో ముగిసింది. కానీ అందులోని సాహిత్యానికీ, బాణీకీ లెక్క వేరు. రచయిత లేదా స్వరకర్త మరణించిన తరువాత 60 ఏళ్ల దాకా అవి రక్షణలోనే ఉంటాయి. ఘంటసాల గారు 1974లో పరమపదించారు కనుక ఆయన కట్టిన బాణీలపై హక్కు 2034 చివరి వరకు ఉంటుంది. త్యాగరాజ కృతులు అందరివీ. ఒక విద్వాంసుడు నిరుడు పాడి విడుదల చేసిన త్యాగరాజ కృతి మాత్రం అందరిదీ కాదు. ఈ తేడా తెలియక కొందరు అన్నింటినీ ఉచితమనుకుంటారు, మరికొందరు అన్నింటినీ దొంగసొత్తు అంటారు.

మార్కెట్లో దొరకని, కళాకారులెవరూ మిగలని రికార్డును భద్రపరచి పంచడాన్ని నేను సేవగానే చూస్తాను. నిన్న విడుదలైన పాటను పంచడానికి మాత్రం అదే మాట వాడుకోకూడదు.

చెన్నై వయొలిన్:

నేను 1980ల చివర నుంచి సినిమా రికార్డింగులలో వయొలిన్ వాయించాను. కనుక శ్రోత గారి ప్రశ్నలో ఉన్న ఆ వయొలిన్ తరఫున నాలుగు మాటలు.

మాకు కాల్‌షీటు లెక్కన డబ్బు ఇచ్చేవారు. వాయించాము, సంతకం చేసి తీసుకున్నాము, ఇంటికి వెళ్లాము. ఆ పాట వేయి సార్లు మోగినా, కోటి సార్లు మోగినా మా చేతికి మరొక రూపాయి రాలేదు. మీరు డౌన్‌లోడ్ చేయడం వల్ల మా పని పోయిందని కూడా నేను అనను. 1990లలోనే కీబోర్డులు వచ్చి, ఇరవై మంది కూర్చునే చోట ఒక్కరు కూర్చోవడం మొదలైంది. ఎంపీ3 ఆ తరువాత వచ్చింది. న్యాయం కోసం వాదించేటప్పుడు జరగని నష్టాన్ని జరిగిందని చెప్పకూడదు.

అయితే 1977 తీర్పు దగ్గరే విశాఖ వారు ఆగిపోవడం సరికాదు. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక మాట రాస్తూ, పాడేవారికి మన చట్టంలో రక్షణ లేకపోవడం పట్ల విచారం వెలిబుచ్చారు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణ రచయితకూ, స్వరకర్తకూ సినిమా హాలు బయట జరిగే వినియోగంపై రాయల్టీలో సమాన వాటా ఇచ్చి, దాన్ని ఒప్పందంలో వదులుకోవడానికి కూడా వీలు లేకుండా చేసింది. పాడేవారికి కూడా రాయల్టీ హక్కు దానితోనే వచ్చింది. కనుక "ముందే ముట్టింది, ఇక కంపెనీదే" అన్న వాదన 2012 తరువాతి పాటలకు చెల్లదు.

ఎవరికి ఎంత అన్నదానిపై పెద్దవారే ఒక మాట మీద లేరు. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న బాలసుబ్రహ్మణ్యం గారికి, తన పాటలను అనుమతి లేకుండా కచేరీలలో పాడకూడదని ఇళయరాజా గారి తరఫున నోటీసు వెళ్లింది. బాలు గారు ఇక ఆ పాటలు పాడబోమని ప్రకటించారు. ఆ రెండు పేర్లూ కలిసి ఉన్న రికార్డింగులలో వాయించినవాణ్ని. ఎవరి పక్షం వహించాలో నాకు ఈనాటికీ తెలియదు. విశాఖ మిత్రుడు గారూ, మీరు కచేరీ టికెట్టుతో చెల్లిస్తున్నానన్నారే, ఆ టికెట్టు డబ్బు వేదిక మీద ఉన్నవారికి చేరుతుంది. పాట కట్టి ఇంట్లో కూర్చున్నవారికి చేరాలంటే నిర్వాహకులు విడిగా లైసెన్సు తీసుకోవాలి. వారు తీసుకున్నారో లేదో ఎప్పుడైనా అడిగారా?

విశాఖ మిత్రుడు:

అడగలేదు. ఆ ఆలోచనే నాకు రాలేదని ఒప్పుకుంటున్నాను. 2012 తరువాతి పాటల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. బుర్రకథ కళాకారుడి విషయంలో తెనాలి వారికి నా దగ్గర సమాధానం లేదు.

యాప్‌ల పంపకం గురించి నేను అన్నది మాత్రం నిలుస్తుందనే అనుకుంటున్నాను. శ్రోత విన్నవారికే ఆ శ్రోత డబ్బు వెళ్లే పద్ధతి అసాధ్యమేమీ కాదు. పాటలు వినిపించే సౌండ్‌క్లౌడ్ అనే వెబ్‌సైటు 2021లో స్వతంత్ర కళాకారుల కోసం దాన్ని మొదలుపెట్టింది. కళాకారులు తమ పాటలను శ్రోతలకు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైటు డిజిటల్ అమ్మకంలో 15 శాతం మాత్రమే తీసుకుంటుంది. మనకు అలవాటైన యాప్‌లు ఆ దారిలోకి రానంత కాలం, చందా కట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు.

కృష్ణలంక శ్రోత:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి తెనాలి వారు చెప్పినట్టు డిస్క్ తెరిచి పాటలు వేరు చేయడం మొదలుపెట్టాను. సినిమా పాటలు పక్కన పెడితే 212 మిగిలాయి. వాటిలో ఉత్తరాంధ్ర పాటలు పాడే ఒక గాయకుడివి పదకొండు ఉన్నాయి. ఆయనకు ఇప్పుడు సొంతంగా యూట్యూబ్ చానల్ ఉంది, అందులో కార్యక్రమాలకు సంప్రదించమని ఫోన్ నంబరు కూడా ఉంది. ఉదయం ఫోన్ చేసి, పదిహేనేళ్లుగా మీ పాటలు డబ్బు ఇవ్వకుండా వింటున్నానని చెప్పాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, డబ్బు పంపుతానంటే వద్దనను గానీ, మీ ఊళ్లో దసరాకు ఏదైనా కార్యక్రమం ఉంటే చెప్పండి, నలుగురం వస్తామన్నాడు. ఆయన ఖాతాకు నాకు తోచినంత పంపాను. మా కాలనీ ఉత్సవ కమిటీ ఆదివారం కూర్చుంటుంది; గత మూడేళ్లుగా మేము పందిట్లో పెన్‌డ్రైవే వేస్తున్నాము. ఈసారి ఆయన పేరు చెబుతాను. నలుగురికి బస్సు ఛార్జీలు, వసతి, సంభావన కలిపి ఎంత అనుకోవచ్చో, తెనాలి వారికి గాని, చెన్నై వారికి గాని తెలిస్తే ఆదివారం లోపు రాయగలరు.