వయొలిన్ నేర్పిస్తే పిల్లల బ్రెయిన్ నిజంగా మారుతుందా?

నిజాంపేట అమ్మ:
మా పాప రెండో క్లాసు. మా అపార్ట్‌మెంట్‌లో వయొలిన్ క్లాసులు మొదలెట్టారు, పాంప్లెట్‌లో మెదడు చురుగ్గా తయారవుతుంది, లెక్కల్లో మార్కులు పెరుగుతాయి అని వేశారు. అత్తయ్యగారేమో ఏడేళ్లలోపు మొదలెట్టకపోతే ఇక దండగ అంటున్నారు, మా ఆయన ఇదంతా బిజినెస్ అని తీసిపారేస్తున్నారు. ఎవరి మాట వినాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

శ్రుతిబాక్స్:
మారడమైతే మారుతుందండీ. 1995లో జర్మనీలో ఎల్బర్ట్ అనే ఆయన టీమ్ వయొలిన్, చెల్లో లాంటివి వాయించేవాళ్ల వేళ్లని మెల్లగా తడుతూ మెదడులో ఏ చోటు స్పందిస్తోందో కొలిచారు, ఎడమ చేతి వేళ్ల ఏరియా మామూలు వాళ్లకంటే పెద్దగా ఉంది, కుడి చేతికి అసలు తేడా లేదు. కుడి చెయ్యి కమాను పట్టుకుంటుంది, తీగ మీద స్వరస్థానం వెతుక్కునేది ఎడమ చేతి వేళ్లే కదా మరి. అందులోనూ బొటనవేలికి తేడా తక్కువ, ఎందుకంటే అది వెనకనుంచి ఊతం ఇస్తుందంతే. చిన్నప్పుడే మొదలెట్టినవాళ్లలో తేడా ఎక్కువ కనిపించింది. మన కర్ణాటక పద్ధతిలో గమకం కోసం వేలు జార్చడమే ఎక్కువ, చాలా పని ఒకటి రెండు వేళ్ల మీదే నడిచిపోతుంది, మనవాళ్లని అలా కొలిస్తే ఏమొస్తుందో చూడాలని నాకెప్పటినుంచో కోరిక.

లెక్కల మాస్టారు:
పైన చెప్పింది కరెక్టే కానీ వేళ్ల ఏరియా పెరిగితే ఎక్కాలు రావు కదండీ. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ స్టూడెంట్స్‌కి పది నిమిషాలు మోజార్ట్ వినిపిస్తే కాగితం మడతల పజిల్స్ లాంటివి కాస్త బాగా చేశారు, అదీ ఓ పావుగంట సేపే, అంతమాత్రానికే 1998లో జార్జియా గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకీ సీడీ ఇద్దామని బడ్జెట్ అడిగాడు! సరే అది ఉత్తినే వినడం, నేర్చుకోవడం గురించైతే టొరంటోలో 144 మంది ఆరేళ్ల పిల్లలతో చేసిన స్టడీ 2004లో వచ్చింది. ఏడాది సంగీతం నేర్చిన వాళ్ల ఐక్యూ సగటున 7 పాయింట్లు పెరిగింది, నేర్వని వాళ్లకీ 4 పైనే పెరిగింది, స్కూల్లో చేరిన ఏడాది కదా. ఇలాంటి స్టడీలన్నీ కలిపి 2020లో లెక్కేస్తే, పోలిక సరిగ్గా పెట్టిన వాటిలో లాభం దాదాపు సున్నా. మార్కుల కోసమైతే వద్దు.

రాజమండ్రి రవి:
అసలు అలాంటి మెదడున్నోళ్లే సంగీతంలోకి వస్తారేమో అని డౌట్ రావచ్చు, దానికి స్వీడన్‌లో ఒకేలాంటి కవలల్ని చూశారు, ఒకరు పియానో వాయిస్తారు ఇంకొకరు వాయించరు, జీన్స్ ఒకటే అయినా వినికిడికీ చేతి కదలికకీ సంబంధించిన భాగాల్లో తేడా దొరికింది. ఇక ఏడేళ్ల మాట, అత్తయ్యగారు ఊరికే అనలేదు, ఏడు లోపు మొదలెట్టిన సంగీతకారుల్లో మెదడు రెండు అర్ధభాగాల్ని కలిపే నరాల కట్ట ముందువైపు పెద్దగా ఉందని 1995లోనే తేలింది. అలాగని దండగేం కాదు, ఎప్పుడూ పియానో ముట్టని పెద్దవాళ్లు రోజుకి రెండు గంటల చొప్పున ఐదు రోజులు సాధన చేస్తేనే వేళ్లని కదిపే ఏరియా విస్తరించింది.

నిజాంపేట అమ్మ:
థాంక్సండీ అందరికీ. పాపకి ఆ సౌండ్ నచ్చింది కాబట్టి చేర్పిస్తాను, లెక్కలకి ట్యూషన్ ఎలాగూ ఉంది. పెద్ద సైజు వయొలిన్ కొంటే పెరిగాక కూడా పనికొస్తుందని మా ఆయన ఐడియా, ఓకేనా?

శ్రుతిబాక్స్:
వద్దండీ బాబూ, వేలు అందక ఏడుస్తుంది. ఈ వయసుకి మామూలుగా హాఫ్ సైజు, సన్నగా ఉంటే క్వార్టర్, ముందు చెయ్యి కొలిపించండి. వీలైతే అద్దెకి తీసుకోండి.