బ్యాలెన్సింగ్ చేయించిన కొద్ది రోజులకే స్టీరింగ్ మళ్లీ వణుకుతోంది, ఎందుకు?

నల్ల_హ్యాచ్‌బ్యాక్

అందరికీ నమస్కారం. చిన్న హ్యాచ్‌బ్యాక్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. కారుతో వచ్చిన అలాయ్‌లే, వాటి మీద ఈమధ్య నాలుగు టైర్లూ కొత్తవి వేయించాను. 90 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది, 110 దాటాక కాస్త సర్దుకుంటుంది. బ్యాలెన్సింగ్ చేయించి బయటికొచ్చిన రోజు బండి వెన్నలా పోతుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే గోల.

కిందటిసారి "టైర్ ఊడదీసి రిమ్ మీద తిప్పి వేశాం, ఇక ఢోకా లేదు" అన్నారు. అదీ నిలవలేదు. వింతేమిటంటే చక్రం బరువు చుట్టూతా సమంగా ఉండాలని రిమ్‌కి అతికించిన వెయిట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్కటీ ఊడలేదు. అయినా మెషీన్ ఎక్కిస్తే ముందు ఎడమ చక్రానికి ప్రతిసారీ కొత్త లెక్క చూపిస్తోంది. బ్రేక్ వేస్తే వణుకేమీ పెరగదు. షాపులో గట్టిగా అడిగితే "రోడ్లు అలా ఉన్నాయి సార్" అంటున్నారు. కుటుంబంతో హైవే ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ వెతకాలో చెప్పగలరా?

దూరప్రయాణం

వేరే చోట అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, చేయించి చూడండి. మా బండికి దాంతోనే పోయింది.

పాత_స్పానర్

అలైన్‌మెంట్ జోలికి ఇప్పుడే పోకండి. అది తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైర్ ఒక అంచున అరుగుతుంది. ఒక స్పీడులో మొదలై ఇంకో స్పీడులో తగ్గే వణుకు మాత్రం దాదాపు ఎప్పుడూ తిరిగే భాగాలదే. పై ఆయన బండికి అలైన్‌మెంట్‌తో పాటు బ్యాలెన్సింగ్ కూడా చేసి ఉంటారు, పేరు దీనికొచ్చింది. మీకు స్టీరింగ్‌లో తెలుస్తోంది కాబట్టి ముందు చక్రాలనే అనుమానించాలి. వెనకవైతే ఎక్కువగా సీటు కింద తెలుస్తుంది. బ్రేక్‌తో పెరగడం లేదంటే డిస్కుల్ని ప్రస్తుతానికి వదిలేయొచ్చు.

నేను చాలా ఏళ్లు బ్యాలెన్సింగ్ మెషీన్ దగ్గరే పనిచేశాను. చక్రం బ్యాలెన్స్ రాత్రికి రాత్రి దానంతటది పోదు. వెయిట్ ఊడకుండా, టైర్ అరగకుండా, రిమ్ వంగకుండా లెక్క మారిందంటే రెండే దారులు. చక్రంలో ఏదో కదిలింది, లేదా మెషీన్ మీద చక్రాన్ని కూర్చోబెట్టడంలోనే తేడా ఉంది. ముందు ఈ రెండోది తేల్చుకోండి, పైసా ఖర్చు లేని పని. మెషీన్ సున్నా చూపించాక చక్రాన్ని వదులు చేయించి, షాఫ్ట్ మీద సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. ఐదు గ్రాముల తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. ఇరవై వచ్చిందంటే ఇంతకుముందు చూపించిన సున్నా ఉత్తిదే. చక్రాన్ని షాఫ్ట్‌కి సరిగ్గా మధ్యలో నిలిపే కోన్, రిమ్ మధ్య రంధ్రానికి సరిపడనిది వేసి ఉంటారు, లేదా రిమ్ వెనక తుప్పో ఎండిన మట్టో అడ్డం పడి చక్రం తిన్నగా కూర్చోలేదు. పనివాళ్లు విసుక్కుంటారు. పక్కనే నిలబడి చేయించుకోండి.

ఇరవై గ్రాములకే ఇంత రాద్ధాంతమా అనుకోకండి. 100 కిలోమీటర్ల వేగంలో చిన్న కారు చక్రం సెకనుకి 14, 15 చుట్లు తిరుగుతుంది. రిమ్ అంచున 20 గ్రాములు తేడా ఉంటే, ఆ వేగంలో అది దాదాపు 3 కిలోల బరువంత బలంతో చక్రాన్ని చుట్టూతా లాగుతుంది. వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలు. అందుకే ఊళ్లో తిరిగినంతసేపూ ఏమీ తెలియదు.

ఇక మీరు రాసిన దాంట్లో నాకు తట్టింది ఒక్కటే: టైర్ ఊడదీసి తిప్పి వేశారన్న మాట. టైర్ ఎక్కించేటప్పుడు అంచులకి సబ్బు పేస్టు రాస్తారు. కొందరు సులువుగా ఎక్కుతుందని దట్టంగా పూసేస్తారు. అది ఆరేదాకా టైర్ రిమ్‌ని గట్టిగా పట్టుకోదు. ఆ తడి మీదే గట్టి బ్రేక్ పడితే రిమ్ ఆగుతుంది, టైర్ ఇంకాస్త తిరిగి ఆగుతుంది. వెయిట్లు రిమ్ మీద ఉంటాయి, వాటితో సరిచేసిన తేడా చాలావరకు టైర్‌లో ఉంటుంది. టైర్ నాలుగు వేళ్లు జరిగితే వెయిట్ ఉండాల్సిన చోటు మారిపోయినట్టే. గాలి తక్కువుంటే ఇంకా తొందరగా జారుతుంది.

వాల్వ్‌కి ఎదురుగా టైర్ పక్క గోడ మీద, దానికి ఆనుకునే రిమ్ మీద, ఒకే వరసలో గీత గీయండి. సుద్ద అయితే ఒక్క వానకి పోతుంది, పెయింట్ మార్కర్ వాడండి. నాలుగు చక్రాలకీ గీసి మామూలుగా తిరగండి. వణుకు మొదలైన రోజున దిగి చూడండి.

స్టెప్నీ_శంకర్

ఇంకొక్కటి చూడమనండి. చక్రాన్ని ముట్టుకోకుండా రెండుసార్లు వరసగా తిప్పితే గ్రాములూ, చూపించే చోటూ రెండూ మారుతున్నాయా? మా బండికి అలా మారాయి. మెషీన్ పాడైందనుకుని వేరే చక్రం ఎక్కిస్తే దానికి లెక్క నిలకడగానే వచ్చింది. చివరికి టైర్ విప్పితే అడుగున గ్లాసుడు నీళ్లు! కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదలకపోతే గాలితో పాటు లోపలికి పోతాయట. బండి ఆగితే నీళ్లన్నీ అడుగుకి చేరతాయి, తిరిగితే చుట్టూ పరుచుకుంటాయి. ఇక లెక్క ఎలా కుదురుతుంది? పంచర్ కోసం పోసే సీలెంట్ ద్రవంతోనూ ఇదే తంటా.

నల్ల_హ్యాచ్‌బ్యాక్

అన్నా, దొరికింది. సగం చుట్టు తిప్పి చూపించమంటే మొదట మొహం చిట్లించారు గానీ చేశారు, ఐదు గ్రాములు కూడా తేడా రాలేదు. వరసగా తిప్పినా అదే లెక్క, కాబట్టి నీళ్లు లేనట్టే. గీతలు గీసుకుని వచ్చేశాను. నిన్న వణుకు మొదలవగానే పక్కకి ఆపి చూస్తే ముందు ఎడమ చక్రానికి టైర్ మీద గీత రిమ్ గీతని వదిలేసి మూడు వేళ్ల వెడల్పు దూరంలో ఉంది. మిగతా మూడూ గీసినట్టే ఉన్నాయి.

షాపుకి ఫోన్ చేస్తే టైర్‌కీ రిమ్‌కీ మధ్య జిగురు వేసి బిగిస్తాం అంటున్నారు. వేయించమంటారా? ఈలోపు బండి నడపొచ్చా?

పాత_స్పానర్

జిగురు వద్దు. అంచు దగ్గర గాలి లీకైతే రాసే సీలర్ వేరే ఉంది, అది జారకుండా పట్టుకోవడానికి కాదు. ఆ ఒక్క చక్రానికే టైర్ ఊడదీయించండి. రిమ్ లోపలి అంచు, టైర్ అంచు రెండూ తడిగుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. రిమ్ అంచున తెల్లటి పొక్కులుగా తుప్పు కనిపిస్తే దాన్ని రుద్ది తీయించండి. పేస్టు టైర్లకని అమ్మేదే, పల్చగా రాయాలి. గ్రీజు, ఆయిల్ లాంటివి డబ్బా మూత కూడా తీయనివ్వకండి, అవి ఆరవు. గాలి పట్టాక రిమ్‌ని ఆనుకుని టైర్ మీద ఉండే సన్నటి గీత చుట్టూతా ఒకే దూరంలో కనిపించాలి. ఒక చోట లోపలికి పోయి ఉంటే టైర్ సరిగ్గా కూర్చోలేదన్నమాట, అలాంటిదాన్ని మెషీన్ ఎక్కించి లాభం లేదు.

పాత వెయిట్లన్నీ పీకేసి మొదటినుంచి బ్యాలెన్స్ చేయమనండి. పాతవాటి మీదే కొత్తవి అతికించుకుంటూ పోతే చివరికి ఒకదానికొకటి ఎదురుగా చేరతాయి. కుదిరితే రాత్రంతా బండి ఆపి ఉంచండి. మొదటి ఒకటి రెండు రోజులు సడన్ బ్రేకులు, ఎగరేసినట్టు స్టార్టులు వద్దు. టైర్ గాలి డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్‌లో రాసినంత పెట్టుకోండి. ఈలోపు గాలి తగ్గకుండా ఉంటే వణుకు రాని వేగంలో షాపు దాకా వెళ్లి రావచ్చు, హైవే ప్రయాణం మాత్రం వాయిదా వేసుకోండి.

ఇంత చేశాక కూడా జారితే టైర్ సైజూ రిమ్ వెడల్పూ సరిపోతున్నాయా, రిమ్ వంగిందా చూపించుకోవాలి. గీత కదలకుండా, మెషీన్ సున్నా చూపిస్తూ, వణుకు మాత్రం ఉంటే అది వేరే జబ్బు. టైర్ గుండ్రంగా లేదేమో, లోపలి బెల్టు విడిపోయిందేమో చూడాలి. అప్పుడు రోడ్ ఫోర్స్ కొలిచే మెషీన్ ఉన్న చోటికి తీసుకెళ్లండి. మామూలు మెషీన్ చక్రాన్ని గాల్లోనే తిప్పుతుంది, రోడ్డు మీద బరువు పడితే ఎలా ఉంటుందో దానికి తెలియదు.

నల్ల_హ్యాచ్‌బ్యాక్

సరే అన్నా, రేపు పొద్దున్నే వెళ్తున్నాను. కొత్త గీత గీసి ఫోటో తీసుకుని, ఏమైందో ఇక్కడే రాస్తాను.