సైన్యం చేతిలో మామూలు జనం చనిపోతే ఆ ఫిర్యాదు ఎవరు చూస్తారు?

మిర్యాలగూడ_లా: అందరికీ నమస్తే. లా చివరి సంవత్సరం చదువుతున్నా. సైనిక దాడిలో పౌరులు చనిపోయారని ఎవరైనా చెబితే ఆ సమాచారం ఎవరి టేబుల్ మీదికి వెళ్తుంది? నిజమా కాదా అని దేన్నిబట్టి తేలుస్తారు? నష్టపరిహారం ఎవరిస్తారు? మన దేశం సంగతైనా, అమెరికా సంగతైనా చెప్పండి.

దేవరకొండ_సుబేదార్: ఫౌజులో ఫిర్యాదులు పట్టించుకోరని బయట జనం అంటుంటే ఒళ్లు మండుతుంది తమ్ముడూ. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే సైన్యం లోపలి విచారణ, పడితే ఆ యూనిట్‌లో ఎవరికీ నిద్ర ఉండదు. 2020 జులైలో కశ్మీర్‌లోని షోపియాన్ జిల్లా అంషీపురాలో ముగ్గురు ఉగ్రవాదుల్ని చంపామన్నారు. ఫోటోలు సోషల్ మీడియాలో చూసి రాజౌరీ కుటుంబాలు మా పిల్లలేనని గుర్తుపట్టాయి. సైన్యమే విచారణ వేసింది. డీఎన్ఏ కలిసింది. కెప్టెన్‌కి కోర్టు మార్షల్, అంటే సైనిక కోర్టు, యావజ్జీవం వేసింది. ఇంకేం కావాలి?

నకిరేకల్_వకీలు: సగమే చెప్పారు సార్. 2023 నవంబర్‌లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆ శిక్షను నిలిపేసి బెయిల్ ఇచ్చింది. నాగాలాండ్‌లో ఓటింగ్ అనే ఊరి సంగతి కూడా చెప్పండి. 2021 డిసెంబర్ 4న బొగ్గు గనిలో పని ముగించుకొని పికప్ వ్యాన్‌లో ఇంటికి పోతున్న కూలీల మీద సైనికులు కాల్పులు జరిపారు, ఆరుగురు పోయారు. రాష్ట్ర ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) 30 మంది సైనికుల మీద ఛార్జిషీట్ వేస్తే కేంద్రం అనుమతి ఇవ్వలేదు. 2024లో సుప్రీంకోర్టు ఆ కేసులు మూసేసింది.
తమ్ముడూ, 1993 మానవ హక్కుల చట్టం సెక్షన్ 19 చదువు. సైన్యం మీద ఫిర్యాదొస్తే జాతీయ మానవ హక్కుల కమిషన్ కేంద్రాన్ని నివేదిక అడగగలదు, సిఫారసు చేయగలదు, అంతే. ఒక కుటుంబం కోసం నేను నెలల తరబడి అర్జీలు రాస్తే ఒక ఆఫీసు నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది. ఆ కాగితం ఇంకా నా ఫైల్లోనే ఉంది.

పాలమూరు_మ్యాపింగ్: చట్టం తర్వాత, అసలు చిక్కు లొకేషన్ దగ్గరుంది. నేను శాటిలైట్ మ్యాపింగ్ మీదే బతుకుతున్నా, తెలిసి చెప్తున్నా. ఇరాక్, సిరియాల్లో అమెరికా కూటమి ఫిర్యాదు రాగానే తన దాడుల లాగ్‌తో, అంటే రికార్డుతో పోల్చేది. ఆ తేదీన, ఆ దగ్గర్లో తమ విమానం బాంబు వేసినట్టు లేకపోతే నమ్మదగినది కాదని పక్కన పెట్టేది. మన జిల్లాల్లోనే కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి? మండలం, పక్కన చెరువో గుట్టో చెప్పందే దొరకదు. ఇరాక్‌లోని మోసుల్ పేటలకూ అదే తిప్పలు. ఫోటోలో మసీదు మినార్ కనబడితే చాలు, నేను ఇల్లు పట్టిస్తా. జనం ఆ పని చేయకుండా సైన్యాన్ని అంటే ఎట్లా?

కోదాడ_నర్సు: లొకేషన్ ఇస్తే సరిపోతుందా అన్నా? అఫ్గానిస్తాన్‌లో కుందూజ్ ఆస్పత్రి వాళ్లు జీపీఎస్ వివరాలు ముందే ఇచ్చారు. 2015 అక్టోబర్ 3 రాత్రి అమెరికా విమానం దాడి మొదలయ్యాక ఫోన్లు కూడా చేశారు. అయినా ఆగలేదు. 42 మంది చనిపోయారు, రోగులు మంచాల మీదే కాలిపోయారు. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న మనిషిని పక్క వార్డుకి మార్చాలంటేనే మాకు నలుగురు కావాలి. 16 మంది అమెరికా సైనిక సిబ్బంది మీద శాఖాపరమైన చర్యలతో సరిపెట్టారు, క్రిమినల్ కేసు ఒక్కటీ లేదు.

పాలమూరు_మ్యాపింగ్: అది దాడికి ముందు ఇచ్చిన లొకేషన్ మేడమ్. నేను చెప్పేది దాడి తర్వాత పెట్టే ఫిర్యాదు గురించి. రెండూ కలపొద్దు.

కోదాడ_నర్సు: ముందు ఇచ్చినదాన్నే పట్టించుకోనివాళ్లు తర్వాత ఇస్తే చూస్తారా? చూడకపోతే తప్పు జనానిదా?

దేవరకొండ_సుబేదార్: ఇంట్లో కూర్చొని మాట్లాడటం తేలికమ్మా. చీకట్లో కాల్పులు జరుగుతుంటే తెలుస్తుంది.

భువనగిరి_పంతులు: దూరదేశాలెందుకు? 1948 పోలీసు చర్య తర్వాత నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం హైదరాబాద్ రాజ్యంలోని 16 జిల్లాల్లో తొమ్మిదింట తిరిగి 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. అది 2013 దాకా పూర్తిగా జనం కంట పడలేదు. విన్నారు, రాసుకున్నారు, దాచేశారు.

చిట్యాల_యాదన్న: మరి గుండ్రాంపల్లిలో రజాకార్లు చేసింది ఎవరు రాసుకున్నారు సారూ? మా నాయనమ్మ ఏడవకుండా ఆ ముచ్చట చెప్పింది లేదు.

భువనగిరి_పంతులు: అదీ రాయాల్సిందే యాదన్నా. ఒకటి చెప్పి ఇంకోటి మూయలేం.

మిర్యాలగూడ_లా: అన్నా, సారూ, నష్టపరిహారం సంగతి ఎవరూ చెప్పలేదు.

నకిరేకల్_వకీలు: అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఇలాంటి చెల్లింపులకు ఏటా 30 లక్షల డాలర్ల దాకా అనుమతిచ్చింది. కానీ అది హక్కు కాదు, సైన్యం దయతలిచి ఇచ్చేది. 2021లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన 1,300కు పైగా పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) పౌర మరణాల ఫిర్యాదుల ఫైళ్లలో డబ్బు ముట్టింది పన్నెండు కుటుంబాలకు కూడా లేదు. తప్పు జరిగిందని ఒక్క ఫైల్లోనూ తేల్చలేదు, ఎవరి మీదా చర్య లేదు. సాక్ష్యంగా బల్లగుద్ది చెప్పనక్కర్లేదు, జరిగి ఉండొచ్చనే మొగ్గు ఎక్కువుంటే చాలు, అది వాళ్లు పెట్టుకున్న కొలతే. ఆ కొలతకే ఇన్ని ఫిర్యాదులు నిలవలేదంటే చూసిన తీరులోనే లోపముంది.

కోదాడ_నర్సు: చాలా ఫైళ్లలో ఆ ఊరికి పోయి బతికున్నవాళ్లతో మాట్లాడినవాళ్లే లేరు. ఆకాశం నుంచి తీసిన వీడియోలో శిథిలాల కింద పిల్లలు కనబడతారా?

పాలమూరు_మ్యాపింగ్: కనబడరు, ఒప్పుకుంటా. అందుకే కింద నుంచి తీసిన వీడియో విలువ ఎక్కువ. ఎవరైనా ఇలాంటివి దాస్తుంటే వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, తేదీ, లొకేషన్ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, ఒరిజినల్ ఫైల్ ఫోన్లోంచి తీసేయకండి.