ఈ వారం సమస్య: మందులేని రోగమె మంచి మందు గాదె

నిర్వాహకుడు: లాటిన్ల ‘ఇన్‌సానాబిలిస్’ అంటే నయం కానిది. రోమన్ కవి జువెనాల్ తన ఏడో సెటైర్‌ల (వ్యంగ్య కవిత) రాయాలన్న దురదకే ఆ మాట తగిలించిండు. మన ఆయుర్వేదంలనైతే అసాధ్యం. పొద్దటిసంది నోట్లె ఆడుతుంది, పూరించుండ్రి.

దేవరకొండ అక్క:
కలము పట్టినపుడు తగ్గు కలత నాకు
రాయకున్న నిదుర లేదు రాత్రి యెల్ల
లాటినుకవి యన్న దురద లాభమాయె
మందులేని రోగమె మంచి మందు గాదె

పాలమూరు: జువెనాల్ ఎక్కిరించిన దురదనే మందు చేసినవు గదక్కా, ఆ ‘లాభమాయె’ కాడ ఆగిపోయిన.

మర్రిగూడ తమ్ముడు:
నీళ్ల ఫ్లోరైడు వంచెను నిలువు నడుము
మందు లేదని తెలిసిన మరునిమిషమె
పటిక వేసి నీళ్లను శుద్ధి పరచినారు
మందులేని రోగమె మంచి మందు గాదె

పాలమూరు: ‘ళ్ల’ పక్కన ‘ఫ్లో’ వచ్చె, గురువైపాయె, మొదటి గణమే పాయె తమ్మీ.

మర్రిగూడ తమ్ముడు: అన్నా, సమాసం కాదు, విడి తెలుగు మాటలు, లఘువే. పోయిన వారం చింతచెట్టు సమస్యల ‘కా’కు ‘కో’ యతి పెట్టింది ఎవరో అందరికీ యాదికున్నది.

పాలమూరు: అది ఒప్పుకున్న గదరా, ఇంకెన్నిసార్లు తీస్తవు!

దేవరకొండ అక్క: లఘువే, తమ్ముడిదే కరెక్టు. నాకు పట్టింది ‘మరునిమిషమె’. మద్రాస్ ప్రెసిడెన్సీల ఈ ఫ్లోరోసిస్ రోగం గురించి 1937లనే వైద్యపత్రికల రాసిండ్రు, నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతి, మన జిల్లా పేరుతోటి నల్గొండ టెక్నిక్, నాగ్‌పూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నుంచి వచ్చేటాలకు 1970లు. నడుమ ఎన్ని నడుములు వంగినయో.

మర్రిగూడ తమ్ముడు: నిజమే అక్కా. మా నాయనమ్మ మంచంల పక్కకు తిరగాలంటే నవారు పట్టుకొని గుంజుకునేది, మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేది. బకెట్ల సున్నం, పటిక వేసి కలిపితే దూదిపింజలోలె కట్టి అడుగుకు దిగుతయి, ఫ్లోరైడ్ దాంతోని దిగుతది, పైన తేటనీళ్లే తాగాలె. ఆమె ఎముకలకు మాత్రం అప్పటికే ఆలస్యమైంది.

నిర్వాహకుడు: అయితే రెండో పాదం ‘మందు లేదని తెలిసిన మాట కలచి’ అందాం, యతి నిలుస్తది, అబద్ధం పోతది.

మర్రిగూడ తమ్ముడు: మార్చిన అన్నా. నాయనమ్మ పేరు మీద ఉంచుండ్రి.

పాలమూరు: ‘కలచి’ బాగున్నది. ‘ళ్ల’ సంగతి కూడా ఒప్పుకుంటున్న, ఇగ చింతచెట్టు ఇడిచిపెట్టు.