మిల్లు సీజన్, సీఎంఏ పరీక్ష, ఇంటి అప్పు: దేన్ని ముందు పట్టుకోవాలె?

మిర్యాలగూడ గుమాస్తా:

అందరికీ నమస్తే. నాకు 27 ఏండ్లు. నల్గొండలో బీకాం చదివిన. నాలుగేండ్ల సంది మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో లెక్కలు చూస్తున్న. కాంటా చీటీలు, లారీల లెక్క, టాలీ అంతా నా మీదనే. ప్రతి నెలా 11న ఒక జీఎస్టీ రిటర్ను, 20న ఇంకోటి. యాసంగి వడ్లు దిగే ఏప్రిల్, మే నెలల్లో, వానాకాలం వడ్లు దిగే నవంబర్, డిసెంబర్‌లో రాత్రి పదకొండు దాటినంకనే రూముకు పోత.

జనవరి 1న నోట్‌బుక్‌లో పది లక్ష్యాలు రాసుకున్న. సీఎంఏ ఇంటర్ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సులో నడిమి మెట్టు) పాస్ కావాలె, సర్కారు కొలువుల గ్రూప్స్‌కు చదవాలె, ఇంగ్లిష్ మాట్లాడాలె, నాయిన తోట అప్పు తీర్చాలె, చెల్లె పెండ్లికి ఎనకేయాలె, రోజూ నడవాలె, ఇట్ల. ఇప్పుడు జూన్ అయిపోతున్నది. ఒక్కటి కూడా సగం కాలే. సీఎంఏకు ఫీజు కట్టిన. మే అంతా మిల్లులోనే గడిచింది, పరీక్ష హాలుకే పోలే. ఆ రోజు ఊరికి పోతే నాయిన ఒక్క మాట అనలే. అన్నం పెట్టుకొచ్చి నా పక్కన కూసున్నడు. అది గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తది.

ఉద్యోగం, చదువు, ఇల్లు మూడూ మోసినవాళ్ళు ఏది ముందు పెట్టుకున్నరు, ఏది పక్కకు పెట్టిండ్రు? ధైర్యం మాటలు చాలా విన్న. ఎట్ల చేసిండ్రో అది చెప్పండి.

పాలమూరు అక్క:

తమ్ముడూ, నేను మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్లకు రోజూ బస్సులో పోయి ఒక మందుల కంపెనీ అకౌంట్స్‌లో చేస్తున్న. సీఎంఏ ఇంటర్ రెండు గ్రూపులూ బాబు పుట్టినంక రాసిన. మూడేండ్లు పట్టింది.

నీ పొరపాటు నాకు ఆ జనవరి 1 కాడనే కనబడుతున్నది. మిల్లులో పనిచేసేటోనికి ఏడాది జనవరిలో మొదలుగాదు. యాసంగి వడ్లు సర్దుకున్నంక, ఇగో ఇప్పుడు మొదలైతది. దసరా దాటి వానాకాలం వడ్లు దిగేదాక నీకు కొంత తెరిపి. పరీక్షలేమో జూన్, డిసెంబర్. రెండూ నీ సీజన్ మీదనే పడుతయి. అందుకే ఆఖరి నెలను చదువు లెక్కలోకే తీసుకోకు. దసరాలోపు మొదటి గ్రూపు నాలుగు పేపర్లూ ఒకసారి అయిపోవాలె. నవంబర్‌లో తెల్లారగట్ల గంటసేపు పాత పేపర్లు చేసుడు, అంతే.

రెండు గ్రూపులూ ఒకేసారి పెట్టుకోకు. మొదటి గ్రూపులో చట్టాలు, ఫైనాన్షియల్ అకౌంటింగ్, పన్నులు, కాస్ట్ అకౌంటింగ్. ఒక్కోదాంట్లో 40 రావాలె, నాలుగూ కలిపి 400కు 200 రావాలె. మొదటిసారి నాకు అన్నింట్లో 40 దాటినయి, మొత్తం 191 కాడ ఆగింది. ఆ రోజు బస్సులో ఏడ్చుకుంట వచ్చిన. ఆ తర్వాత నోట్‌బుక్‌లో 'పాస్ కావాలె' అని రాసుడు మానేసిన. ఏ పేపర్‌లో 60 తేగలుగుతనో చూసుకొని అది రాసుకున్న. గ్రూపు మొత్తం రాసి ఒకదాంట్లో 60 తెచ్చుకుంటే, గ్రూపు పోయినా ఆ పేపర్ మళ్ళ రాసే పని లేదు. నీకు ఆ పేపర్ పన్నులదే. జీఎస్టీ నెలనెలా చేస్తనే ఉన్నవు, ఆదాయపు పన్ను భాగం ఒక్కటి గట్టిగ పట్టుకో.

కాస్ట్ అకౌంటింగ్‌లో బై ప్రొడక్టుల పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసి మీ యార్డులో నిలబడి చూడు. సీఎంఆర్ కింద, అంటే సర్కారు వడ్లు ఆడించి బియ్యం తిరిగిచ్చే పద్ధతిల, క్వింటాల్ వడ్లకు 68 కిలోల బాయిల్డ్ బియ్యం సర్కారుకు అప్పజెప్తరు, పచ్చి బియ్యమైతే 67. ఇంక నూక, తౌడు, ఊక మిగులుతయి. తౌడు నూనె మిల్లుకు పోతది, ఊక మీ బాయిలర్ కిందనే కాలుతది. ఆ ఊకకు ధర కట్టాల్నా, కడితే ఎంత కట్టాలె? ఆ పాఠమంతా ఈ ప్రశ్న చుట్టే తిరుగుతది. నాకు ఇది చెప్పేటోళ్ళు లేక రెండు నెలలు తిప్పలు పడ్డ.

ఇగ గ్రూప్స్. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో మన చేతుల్లో లేదు. సీఎంఏ పరీక్ష ఆరునెలలకొకసారి ఉంటది. నేనైతే గ్రూప్స్ పుస్తకాలు ఎవరికన్నా ఇచ్చేస్త.

బత్తాయి రైతు, నాంపల్లి మండలం:

తమ్మీ, చదువు ముచ్చట నాకు తెల్వదు. అప్పు ముచ్చట చెప్త. నేను 2016ల మూడెకరాలు సాత్‌గుడి బత్తాయి పెట్టిన. నాలుగేండ్ల దాక తోట నుంచి పైస రాలే. చెట్ల నడుమ పెసర, పల్లి ఏసి ఇల్లు నడిపినం. తోట అప్పు జీతంతోని తీరుస్తనంటే నీకు ఊపిరాడదు. కాయ అమ్మిన నెలకు అసలు కట్టేటట్టు మాట్లాడుకోండ్రి, నువ్వు వడ్డీ మటుకు మోయి.

ముందుగాల మీ నాయినను కూసోబెట్టుకొని అప్పు మొత్తం ఎంతనో కాయితం మీద రాయి. మా పెద్దోడు లక్షన్నర అనుకున్నడు, నేనే దాసిన. నిజానికి మూడు లక్షల పదివేలు. చెప్పిన నాడు ఇద్దరం సుకంగ పండుకున్నం.

మిర్యాలగూడ గుమాస్తా:

అక్కా, అన్నా, ఆదివారం ఊరికి పోయొచ్చిన. నాయినతో కూసోని రాస్తే బ్యాంకుది, బయటిది కలిపి 2,40,000 తేలింది. నేను అనుకున్నదానికంటే తక్కువ! బయటిదానికి వడ్డీ ఇగ నేను కడుత. చెల్లె నోట్‌బుక్ చదివి, 'నా డిగ్రీ అయ్యేదాక నా పెండ్లి కొట్టెయ్ అన్నా' అని తనే పెన్ను తీసుకొని గీత గీసింది.

డిసెంబర్‌కు మొదటి గ్రూపు ఒక్కటే. పరీక్ష రోజులకు సెలవు ఇప్పుడే అడిగిన. సేటు వెంటనే ఒప్పుకోలే. కాంటా చీటీలు ఇంకొకరికి నేర్పిస్తే ఇస్తనన్నడు. కొత్తగ వచ్చిన పిల్లగానికి సోమవారం నుంచే నేర్పిస్తున్న. గ్రూప్స్ పుస్తకాలు కూడా వానికే ఇచ్చిన, వాడు చదువుతడట.

అక్కా, మా బాయిలర్ కాడ చేసే పెద్దాయనను ఊక గురించి అడిగిన. వానలల్ల ఊక తడిసి ఉంటది కాబట్టి అదే ఆవిరికి ఎక్కువ కాలుతదట. ఆ ఎక్కువైనదాన్ని లెక్కల్లో ఎక్కడ చూపాలె? మామూలు నష్టం కిందనేనా?